ప్రతి వేరు, రక్ష వేరు

తూర్పు కనుమల పాదమున నొదిగి, గోధుమపాల హల్వాకు పేరెన్నికగన్న మాడుగులలో, చౌకధరల దుకాణము ముందు నిలిచిన యొక వృద్ధురాలు ఈపోస్ యంత్రపు గాజుపలకపై వ్రేలు మోపి వేచియుండు ఆ కొన్ని క్షణములలో, ఆమె కన్నులకు గానరాని సుదీర్ఘ ప్రయాణ మొకటి సాగిపోవుచుండును. ఆమె వ్రేలిరేఖల వివరము గూఢలిపిగా మారి, బెంగుళూరుననో, ఢిల్లీకి చేరువనున్న మానేసరుననో గల ఆధార్ డేటా సెంటరును జేరి, అచట భద్రపఱచియున్న రూపముతో సరిచూడబడిన పిదప, ఔననియో కాదనియో చిన్న సమాధానము మాత్రమే మరల కొండపాదమునకు వచ్చును. చెఱకుతోటలలోను వరిమళ్లలోను ఏండ్ల తరబడి పాటుపడి వ్రేళ్లు అఱిగినవారికి "వేలిముద్ర పడలేదు మామ్మా, ఇంకో వేలు పెట్టు" అను మాట క్రొత్తది కాదు. ఒక వ్రేలు అఱిగినచో మఱియొక వ్రేలు కలదు. అదియు కానినాడు కనుపాప కలదు. అవతలి కొసనున్న ఆ రూపమే చెడినచో, నశించినచో, పరుల హస్తగతమైనచో ఇంకొకటి యెచటినుండి తేగలము? ఇది ఇంజనీర్లకు విడిచిపెట్టి మనము నిశ్చింతగా నుండదగిన ప్రశ్న కాదని నా దృఢవిశ్వాసము. ఎందుకనగా ఆ డిస్కులలో నున్నది ఆమె బియ్యము.

ఆధార్ తొలి సంఖ్య 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రమునందలి టెంభ్లీ గ్రామమున ఒసగబడినది. ఆ వెనుక రెండేండ్లకు, నమోదు ఉధృతముగా సాగుచున్న దినములలో, ఆ వ్యవస్థను నిర్మించినవారు బహిరంగముగా వివరించిన లెక్కల ప్రకారము, ఒక్కొక్క వ్యక్తి నమోదు పొట్లము సుమారు 5 మెగాబైట్లు. దినమునకు పది లక్షల నమోదులు. మొత్తము చేరవలసినది 10 నుండి 15 పెటాబైట్లు. పెటాబైటన నెంత? వేయి గిగాబైట్లు ఒక టెరాబైటు, అట్టివి వేయి కలిసిన నొక పెటాబైటు. ఇంతటి రాశిని ఒకే యంత్రమున నుంచుట యసంభవము. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన సంబంధ పట్టికల పద్ధతి, అనగా అడ్డువరుసలు నిలువువరుసలుగా అమర్చి, ముందుగా నిర్ణయించిన చట్రములో సమస్తమును బంధించి, ఒక్క అక్షరమైనను తప్పకుండ లెక్క నిలుపు పద్ధతి, బ్యాంకులకును కచేరీలకును దశాబ్దములపాటు నిష్కళంకముగా సేవచేసినది. అయితే ఆ పట్టికలు ఒక బలిష్ఠమైన యంత్రమును కోరునవి. వందలకొలది చౌక యంత్రములపై పఱచినపుడు వాటి నియమములను నిలుపుట కడు వ్యయప్రయాసలతో గూడిన పని.

గూగుల్ సంస్థ 2006లో ప్రకటించిన బిగ్‌టేబుల్ పత్రమును, అమెజాన్ సంస్థ 2007లో ప్రకటించిన డైనమో పత్రమును ఈ సంకటమునకు మార్గము చూపినవి. డైనమో రచయితలలో నొకడైన అవినాశ్ లక్ష్మణ్, ప్రశాంత్ మలిక్‌తో గూడి ఫేస్‌బుక్కునందు రచించిన కసాండ్రా 2008లో లోకమునకు విడుదలయ్యెను. మరుసటి యేడు మోంగోడీబీ వచ్చెను. బిగ్‌టేబుల్ బాటలో హెచ్‌బేస్ పుట్టెను. వీనినన్నింటిని కలిపి నోసీక్వెల్ డేటాబేసులని వ్యవహరించుచున్నారు. ఆధార్ నిర్మాతల ఆనాటి వివరణ ననుసరించి, పేరు, చిరునామా, ఛాయాచిత్రము మోంగోడీబీలోను, వ్రేలిముద్రల కనుపాపల సారరూపములు హెచ్‌బేస్‌లోను, మూల నమోదు పొట్లములు హడూప్ దస్త్రవ్యవస్థలోను ఉంచబడినవి. జారీయైన సంఖ్యల పట్టీ మాత్రము పాత పద్ధతికి చెందిన మైసీక్వెల్‌నందే నిలిచినది. క్రొత్తదానిపై మోజుతో పాతదానిని తుడిచివేయక, ఏ సరకునకు ఏ గాదె తగునో యెఱిగి యమర్చిన ఆ వివేకము నాకు మిక్కిలి నచ్చినది.

ఇట్టి గాదెలో ఒక వ్రాత నిలుచు తీరును కొంచెము దగ్గఱనుండి చూడవలెను. కసాండ్రాకు ఒక వ్రాత అందగానే, దానిని ముందుగా ఒక దినచర్య దస్త్రము చివర చేర్చును. అదే సమయమున జ్ఞాపకములో క్రమముగా అమర్చిన పట్టికయందును వ్రాసికొనును. ఆ పట్టిక నిండినపుడు సమస్తమును డిస్కుపైకి ఒక దస్త్రముగా దింపును. అట్లు దిగిన దస్త్రమును మఱెన్నడును దిద్దదు. ఒకరి చిరునామా మాఱినచో పాత పంక్తిని కొట్టివేయక, క్రొత్త పంక్తిని కాలముద్రతో వేఱొక దస్త్రములో వ్రాయును. చదువునపుడు కాలముద్రలు పోల్చి క్రొత్తదానిని గ్రహించును. దస్త్రములు పెరిగిపోయినపుడు, కొన్నింటిని విలీనముచేసి ఒక్కటిగా నూతనముగా వ్రాసి, పాతవానిని తొలగించును. 1996లో పాట్రిక్ ఓనీల్ ప్రభృతులు వివరించిన ఈ విన్యాసమే హెచ్‌బేస్‌నకును ఆధారము. దినచర్య దస్త్రము సైతము వ్రాసిన మఱుక్షణమే డిస్కునకు గట్టిగా అంటదు. సాధారణ అమరికలో పది సెకనుల కొక్కమాఱు మాత్రమే డిస్కుపై స్థిరపడును. ఆలోపల విద్యుత్తు పోయినచో, "వ్రాసితిని" అని యంత్రము పలికిన మాట వట్టిదగును. ఈ సాహసమున కొక ధైర్యము కలదు: అదే వ్రాతను మఱి రెండు యంత్రములును స్వీకరించియుండును గదా యని.

ఆ మూడు ప్రతుల లెక్క సులభమైనది. మూడింట రెండు యంత్రములు సరేయన్నగాని వ్రాత పూర్తియైనట్లు కాదనియు, చదువునపుడు రెండింటినైన అడుగవలెననియు నియమించినచో, వ్రాసిన రెండింటిలో నొకటి చదివిన రెండింటిలో తప్పక కలియును; కావున తాజా విలువ దాగిపోదు. ఒక యంత్రము చెడినను పని నిలువదు. యంత్రముల మధ్య మార్గమే తెగిపోయినపుడు మాత్రము, సరియైన సమాధానముకొఱకు మౌనము వహింపవలెనో, పాతబడినదైనను ఏదో యొక సమాధాన మీయవలెనో నిర్ణయించుకొనక తప్పదని 2000లో ఎరిక్ బ్రూవర్ చెప్పగా, 2002లో గిల్బర్టు, లించ్ అనువారు దానిని గణితముచే నిరూపించిరి. చాల నోసీక్వెల్ వ్యవస్థలలో ఆ నిర్ణయము నిర్మాతల చేతికే విడువబడినది. ఆ స్వేచ్ఛ బరువైనది.

మూడు ప్రతులును ఒకే గదిలో నున్నచో మూడింటికిని ఒకే గండము. ఈ సంగతి మన ఉత్తరాంధ్రకు ఎవ్వరును చెప్పనక్కఱలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో విశాఖపట్నము చెంత తీరము దాటినపుడు, విద్యుత్ స్తంభములు నేలకూలి, సెల్‌టవర్లు మూగవోయి, మహానగరము దినములతరబడి లోకముతో సంబంధము కోల్పోయినది. ఆనాటికి విశాఖ జిల్లాలోనిదే యైన మాడుగుల ప్రాంతమునను చెట్లు విరిగి తోటలు నేలమట్టమయ్యెను. ఆ తీరముననే డేటా సెంటర్లు నిర్మింప గూగుల్ సంస్థ 1500 కోట్ల డాలర్ల పెట్టుబడిని 2025 అక్టోబరులో ప్రకటించియున్నది. మనకది హర్షదాయకమే. ఆ భవనములు ఎంత దృఢముగా నిలిచినను, వానిలోని దత్తాంశమునకు రెండవ నెలవు మఱియొక తుపాను తాకని దూరమున నుండితీరవలెనని మాత్రము ఆ గాలిని చూచినవారెల్లరు అంగీకరింతురు.

ఆధార్‌నకు బెంగుళూరు, మానేసరు రెండు నెలవులు. నడుమ వేయి మైళ్లకు మించిన దూరము. అంత దూరమునకు ప్రతిదినము 5 టెరాబైట్లకు పైబడి క్రొత్త దత్తాంశము ప్రతిగా పోవుచుండెనని ఆనాటి లెక్కలే చెప్పుచున్నవి. ఈ దూరమునకు మూల్యము కలదు. గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు మాత్రమే పయనించును. కావున బెంగుళూరున వ్రాసిన ప్రతి యక్షరమును మానేసరు అంగీకరించువఱకు ఆగుదుమన్నచో, సమాధానము తిరిగి వచ్చుటకే కనీసము 17 మిల్లీసెకనులు పట్టును. అందుచేత ఇంత దూరమున నున్న నెలవులమధ్య, ముందు ఇచ్చట వ్రాసి ఆపై తీరికగా అచటికి పంపుటే లోకరీతిగా నున్నది. ఆ తీరిక యెంతయో, ఆపత్తు వచ్చిన నాడు అంత దత్తాంశము దారిలో నశించును. దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున 2025 సెప్టెంబరు 26న ప్రభుత్వ డేటా సెంటరు తగులబడినపుడు, ఉద్యోగుల దస్త్రములు దాచిన 858 టెరాబైట్ల నిలువ పూర్తిగా భస్మమైపోయినది. పరిమాణము మిక్కుటమగుటచేతనే దానికి బయట ప్రతి యుంచలేదని అధికారులు చెప్పిరి. విజ్ఞానమునను ధనమునను ముందంజలో నున్న యొక రాజ్యము నోట ఆ మాట వినుట నాకు భయము గొల్పినది.

ప్రతులు దూరదూరముల నుంచితిమి, ఇక నిశ్చింతయా? కాదు. ప్రతులు యంత్రమరణమునుండి కాపాడునుగాని మానవహస్తమునుండి కాపాడవు. ఒక ఉద్యోగి పొరపాటున ఒక పట్టికను తొలగించుమని ఆజ్ఞాపించినచో, ఆ ఆజ్ఞను మొదటి యంత్రము ఎంత విధేయతతో పాటించునో, రెండవదియు మూడవదియు అంతే విధేయతతో పాటించును. వేయి మైళ్ల దూరముననున్న నాలుగవదియు కొన్ని సెకనులలో పాటించును. ప్రతులను సరిగా నిలుపు నైపుణ్యమే వినాశమును సరిగా వ్యాపింపజేయును. 2017 జనవరిలో ప్రపంచవ్యాప్తముగా వేలకొలది మోంగోడీబీ దత్తాంశనిధులు దొంగలపాలైన వృత్తాంతము దీనికి నిదర్శనము. రహస్యపదము పెట్టక, ఇంటర్నెట్టుకు తలుపు బార్లా తెఱిచియుంచిన యంత్రములను వెదకి పట్టుకొని, లోనున్నదంతయు తుడిచి, బిట్‌కాయిన్ రూపమున ధనము చెల్లించిన మరల నిత్తుమని యొక చీటి మాత్రము మిగిల్చిపోయిరి. అనేక సందర్భములలో వారు ప్రతి తీసికొననే లేదు. చెల్లించిన పలువురికిని ఏమియు దక్కలేదు. ఆ యేటి చివర వచ్చిన 3.6 సంచిక మొదలుకొని మోంగోడీబీ, కోరిననే తప్ప బయటివారికి తలుపు తీయకుండునట్లు మార్చబడినది.

కావున గతమును దాచిన ప్రతి యొకటి వలెను. నిన్నటి స్థితిని, మొన్నటి స్థితిని, ఈనాటి ఆజ్ఞలకు లొంగని చోట పదిలపఱచుటయే బ్యాకప్. పాత పట్టికల లోకమున ఇది కష్టసాధ్యము కాదు. నోసీక్వెల్ లోకమున ఇదియే అసలు చిక్కు. మద్రాసు రాజధాని కాలమునుండి మన రెవెన్యూ పాలనలో జూన్ 30తో ఫసలీ సంవత్సరము ముగియగా, గ్రామ గ్రామపు లెక్కలును ఆ యొక్క తేదీకి కట్టి, జమాబందీలో అధికారి యెదుట సరిచూచెడివారు. ఒక గ్రామమున జూన్‌నకును, పక్క గ్రామమున ఆగస్టునకును లెక్క కట్టినచో, నడుమ చేతులు మాఱిన పొలము రెండుచోట్లను కనబడును, లేదా ఎచటను కనబడదు. వందలాది యంత్రములపై పఱచుకొన్న నోసీక్వెల్ నిధికి అట్టి ఫసలీ ముగింపు లేదు. ఏ క్షణమునను వ్రాతలు ఆగవు. యంత్రముల గడియారములు సైతము రవంత తేడాతో నడచును. ఒక యంత్రపు స్థితిని పది గంటలకును మఱియొకదానిని పది గంటల రెండు నిమిషములకును పట్టి దాచినచో, కార్డుదారు కోటా తగ్గియు దుకాణపు నిలువ తగ్గని విచిత్ర ప్రపంచ మొకటి బ్యాకప్‌లో నిలిచిపోవును.

దీనికి వైద్యము పలువిధములు. కసాండ్రా దస్త్రములు వ్రాసిన పిదప మాఱనివి గనుక, వానికి మాఱుపేర్లు పెట్టి క్షణములో, అప్పటి స్థితిని పట్టియుంచు స్నాప్‌షాట్ తీయవచ్చును. విలీనక్రియ పాత పేరును తొలగించినను, మాఱుపేరు నిలిచియున్నంతవఱకు దస్త్రము నిలుచును. ఇది చూడ ముచ్చటైన యుపాయము. అయితే ఆ స్నాప్‌షాట్ అదే డిస్కుపై నుండునని మఱువరాదు. దానిని వేఱొక చోటికి తరలించినప్పుడే అది బ్యాకప్ యగును. మోంగోడీబీలో జరిగిన ప్రతి మార్పును వరుసగా వ్రాయు చిట్టా కలదు. పాత స్నాప్‌షాట్‌పై ఆ చిట్టాను కోరిన క్షణమువఱకు మరల నడిపించినచో, పొరపాటు ఆజ్ఞకు సరిగా ముందటి నిమిషమునకు చేరవచ్చును. దత్తాంశము అనేక ఖండములుగా నున్నపుడు, ఖండములమధ్య దానిని సర్దు పనిని తాత్కాలికముగా నిలిపి, అన్ని ఖండములను ఒకే కాలముద్రకు నడిపింపవలెను.

పరిమాణమొక్కటే ఇంకొక పెద్ద భారము. మూడు ప్రతులున్న నిధిని యంత్రము తర్వాత యంత్రముగా బ్యాకప్ చేసినచో ఒకే వాక్యము మూడుమాఱులు దాచినట్లగును. అంతకంటె వింత యేమనగా, నిన్నటినుండి మాఱినదానినే దాతమన్న పొదుపు బుద్ధిని విలీనక్రియ వమ్ముచేయును: పాత విషయమే క్రొత్త దస్త్రముగా వ్రాయబడి, బయటినుండి చూచు బ్యాకప్ యంత్రమునకు అంతయు క్రొత్తదిగానే తోచును. దస్త్రమును కాక అందలి ఒక్కొక్క నమోదును చదివి, ప్రతులు మూడింటిని పోల్చి ఒక్కటే యుంచు ఉపకరణములు ఈ యవసరమునుండియే పుట్టినవి. అట్టిదానిని నిర్మించిన డేటోస్ ఐఓ యను చిన్న సంస్థను 2018లో రూబ్రిక్ సంస్థ కొనివేసినది. ఇక నిలువయందు గణితము చేయు సాయము ఆశ్చర్యకరమైనది. 1960లో రీడ్, సోలొమన్ అను గణితజ్ఞులు కనుగొన్న సూత్రము ననుసరించి, ఒక దస్త్రమును ఆఱు తునకలుచేసి, వానినుండి గణించిన మూడు అదనపు తునకలను చేర్చి, తొమ్మిదింటిని తొమ్మిది యంత్రములపై నుంచినచో, ఏ మూడు యంత్రములు నశించినను మిగిలిన ఆఱింటినుండి దస్త్రము యథాతథముగా వెలువడును. మూడు ప్రతుల పద్ధతిలో మూలమునకు రెట్టింపు స్థలము అదనముగా వలసియుండగా, ఇందు సగమే చాలును. 2017 డిసెంబరులో వచ్చిన హడూప్ 3.0 దీనిని స్వీకరించినది. తునకలనుండి మరల కట్టుటకు కాలము పట్టును గనుక, నిత్యము తాకు దత్తాంశమునకు ప్రతులును, అరుదుగా తాకు పాత బ్యాకప్‌లకు ఈ సూత్రమును అనువైనవి.

దొంగ నిధిలో ప్రవేశించి బ్యాకప్‌లను సైతము తుడుచుట నేటి ప్రమాదములలో క్రూరమైనది. అందులకై నిర్ణీత గడువువఱకు యజమాని సైతము చెరుపలేని నిలువలు ఏర్పడినవి. అమెజాన్ క్లౌడు 2018లో ఈ తాళమును ప్రవేశపెట్టినది. తీగలన్నియు తీసి బీరువాలో నుంచిన టేపుచుట్ట నేటికిని కొఱగానిది కాదు. ప్రభుత్వ విభాగములవారు దానిని పాతకాలపు వస్తువని చిన్నచూపు చూడరాదని నా మనవి.

దాచుట యెంత కష్టమో చెరుపుటయు అంతే కష్టము. ఆధార్ కేసులో 2018 సెప్టెంబరు 26న తీర్పు చెప్పుచు సర్వోన్నత న్యాయస్థానము, ధ్రువీకరణ లావాదేవీల చిట్టాలను ఐదేండ్లు నిలుపు నిబంధనను కొట్టివేసి, ఆఱు నెలలకు మించి యుంచరాదనెను. ఎవరు ఏ దినమున ఎచట వ్రేలు పెట్టిరో తెలుపు చిట్టా ఒక మనిషి జీవితపటమే గదా! కాని కసాండ్రాలో తొలగింపు సైతము ఒక వ్రాతయే: "ఇది లేదు" అను శిలాఫలకము వంటి గుర్తు నాటబడును. ఆ గుర్తు సాధారణముగా పది దినములు నిలుచును. ఆ లోపల ఒక యంత్రము మూలపడియుండి, గుర్తులు తొలగిపోయిన పిదప మేల్కొన్నచో, దానిలోని పాత ప్రతి తాజా వార్తగా తలచబడి, చచ్చిన నమోదు లేచివచ్చును. పాత బ్యాకప్‌ను పునరుద్ధరించినపుడును ఇదే విపత్తు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము, ప్రయోజనము తీఱిన దత్తాంశమును చెరుపవలెనని శాసించుచుండగా, మాఱరాని బ్యాకప్‌లలోనుండి ఒక్కరి నమోదును పెఱికివేయుట యెట్లు? ఇందులకు ఒక చక్కని యుపాయము కలదు. ఒక్కొక్కరి దత్తాంశమును వేఱువేఱు గూఢలిపి కీలకముతో బంధించి, చెరుపవలసి వచ్చినపుడు ఆ చిన్న కీలకమును నాశనముచేసినచో, ఎన్ని బ్యాకప్‌లలో ఎన్ని ప్రతులున్నను అవియన్నియు ఒక్కమాఱే అర్థరహితములగును. ఆధార్ సంఖ్యలను తమ నిధులలో చెల్లాచెదరుగా వ్రాసికొనరాదనియు, ప్రత్యేకమైన యొక గూఢ కోశములో నుంచి, తక్కినచోట్ల సంకేతసంఖ్యను మాత్రమే వాడవలెననియు, కీలకములు ప్రత్యేక యంత్రములో నుండవలెననియు 2017 జూలైలో ఆధార్ ప్రాధికార సంస్థ ఆదేశించుటయు నిట్టి జాగ్రత్తయే.

ఇంతయు చేసినను, తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ను నమ్మరాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన నిధిని చెరుపగా, వారు ఏర్పఱచుకొన్న ఐదు విధముల ఏర్పాట్లలో నొకటియు సరిగా పనిచేయలేదు. ఆఱు గంటలకు ముందు మఱియొక పనికై తీసిన స్నాప్‌షాట్ దైవికముగా మిగిలియుండుటచే గట్టెక్కిరి. వారిది సంబంధ పట్టికల నిధియే యైనను పాఠము అందఱిది. ఆ వృత్తాంతమును వారు దాచక లోకమునకు వెల్లడించుట ప్రశంసనీయము. మన ప్రభుత్వ సంస్థలును అట్టి నిర్భీతిని అలవఱచుకొనవలెను. ప్రతి నిధికిని రెండు సంఖ్యలు ముందుగా వ్రాసియుంచవలెను: ఎంత కాలపు దత్తాంశము పోయిన నోర్వగలము, ఎంత సేపటిలో మరల నిలువవలెను. ఆపై మూడు నెలల కొకమాఱైన, నిధి యెఱుగని క్రొత్త యంత్రములపై బ్యాకప్‌ను నిలిపి, నమోదుల సంఖ్యను సరిచూచి, కొన్నింటిని తీసి మూలముతో పోల్చి, సూచికలు మరల కట్టుటకు పట్టిన గంటలను లెక్కించి, ముఖ్యముగా గూఢలిపి కీలకములు ఆ దినమున ఎవరియొద్ద నున్నవో, వారు సెలవులో నున్నచో మఱియెవ్వరు తేగలరో విచారింపవలెను. పెటాబైట్లు క్షేమముగా తిరిగి వచ్చియు, వానిని విప్పు కీలకము తగులబడిన గదిలోనే మిగిలినచో, ఆ డిస్కులపై నున్నది అక్షరము గాదు.